బాగానే ఉన్న కారు

మేస్త్రీ బానెట్ కింద నుంచి తల బయటికి తీసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "పర్లేదమ్మా" అన్నాడు.

సూదమ్మకు ఆ మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఇంజన్‌లో టకటక చప్పుడొచ్చినా పర్లేదు, వెనకాల పొగొచ్చినా పర్లేదు, రివర్సు గేరు మూడోసారికి గాని పడకపోయినా పర్లేదు. అందుకే ఆ వరసలో షెడ్లవాళ్లంతా ఆయన్ని పర్లేదు మేస్త్రీ అంటారు. ఆ పేరు పెట్టారని తెలిసినప్పుడు కూడా ఆయన అన్నది అదే మాట.

"పర్లేదంటే ఏంటి మేస్త్రీ? చప్పుడు వస్తోందా, రావట్లేదా?"

"వస్తోందమ్మా."

"మరి?"

"దాని వయసుకి ఆ మాత్రం చప్పుడు చెయ్యకపోతే భయపడాలి. మా ఆవిడ మోకాళ్లు కూడా మెట్లెక్కితే టకటకమంటాయి. అలాగని విప్పి చూస్తామా?"

సూదమ్మ నవ్వలేదు. కారెక్కి, తాళం తిప్పి, ఇంజన్ అందుకోగానే చెవి స్టీరింగ్ దాకా వంచి విన్నది. టకటక. ఇంటికి వెళ్లేదాకా వింటూనే ఉంది.

ఆమెది ఇళ్లకు వెళ్లి రక్తం తీసే పని. ల్యాబ్‌కి రాలేనివాళ్ల గుమ్మంలోకి తనే వెళ్లి, చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి పట్టుకుని, తీసిన రక్తాన్ని రంగురంగుల మూతల గొట్టాల్లో నింపి, ఐసు సంచులున్న పెట్టెలో సర్దుకుని ల్యాబ్‌కి చేర్చాలి. పరగడుపున తియ్యాల్సిన రక్తం కాబట్టి ఆమె రోజు అందరికంటే ముందు మొదలవుతుంది. మంచం దిగలేని ముసలివాళ్లు, నెలలు నిండినవాళ్లు, ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్లు కాఫీ చుక్కయినా తాగకుండా ఆమె కోసం కాచుకుని ఉంటారు. కాస్త ఆలస్యమైతే చాలు, "సూదమ్మ ఇంకా రాలేదేం?" అని ఇంటిల్లిపాదీ కిటికీ దగ్గరికి చేరతారు. చిన్నపిల్లలైతే ఆమె కారు చప్పుడు వినగానే మంచం కింద దూరతారు.

ఆ కారు చప్పుడు వేరే ఏ కారుకీ రాదు. సూదమ్మ పుట్టకముందే రోడ్డెక్కిన కారు అది. గుండ్రటి దీపాలు, పొడుగు ముక్కు, లోపలికి ఎక్కితే సోఫాలో కూర్చున్నట్టుండే ముందు సీటు. పైన మీగడ రంగు, కింద ముదురు ఆకుపచ్చ. దాన్ని దాచుకుని ఆదివారాలు తిప్పుకునే రకం మనుషులు వేరే ఉంటారు. సూదమ్మకు మాత్రం అది రోజూ కూటికి పోవాల్సిన బండి. పొద్దున్న తాళం తిప్పితే లేవాలి, మధ్యాహ్నం దాకా ఎక్కడా ఆగిపోకూడదు. పెట్టెలో రక్తం పెట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడితే ఆ రక్తం పనికిరాకుండా పోతుంది.

కారు అత్తగారిది. అది టాక్సీగా మొదలైంది. మామగారికి చూపు మందగించి లైసెన్సు పోయినప్పుడు, కారు అమ్మేద్దామన్న మాట ఇంట్లో అందరి నోటా వచ్చింది. అత్తగారొక్కతే ఏమీ అనకుండా మర్నాడు డ్రైవింగ్ నేర్పే చోటికి వెళ్లి నిలబడింది. టాక్సీ స్టాండులో మగాళ్లు మొదట్లో ఆవిణ్ని చూసి, "ఆడమనిషి స్టీరింగ్ పడితే వెనకాల ఎవడు కూర్చుంటాడు?" అని నవ్వారు. ఆడవాళ్లు కూర్చున్నారు. నొప్పులొస్తున్న కోడళ్లను వెంటబెట్టుకుని అత్తలు కూర్చున్నారు. పొద్దుపోయాక పని ముగించుకున్న నర్సులు కూర్చున్నారు. కొన్నాళ్లకి ఆ నవ్వినవాళ్లే తమ పెళ్లాలను ఆవిడ కారే ఎక్కమని పంపించారు. కొడుకునీ కూతుర్నీ ఆ కారు మీదే పెంచి, చదివించి, పెళ్లిళ్లు చేసిందావిడ.

ఆ కారు కోడలి చేతికి రావడానికి కారణం ఆమె కాలు ఒకచోట నిలవకపోవడమే. మొదట్లో ఆమె ల్యాబ్ లోపలే, కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లకి వచ్చినట్టు రక్తం తీసేది. ఆ కుర్చీ ఆమెకి ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. బయట తిరిగే పని ఖాళీ అవగానే ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తింది. పెట్టె పట్టుకుని బస్సుల్లో తిరిగింది. కుదుపులకి గొట్టాలు గలగలలాడుతుంటే ప్రాణం ఉసూరుమనేది. అదే రోజుల్లో అత్తగారి ఎడమ మోకాలు అరిగిపోయి క్లచ్ తొక్కడం కష్టమైంది. కారు నీడలో నిలబడిపోయింది. వారం తిరక్కుండా అత్తగారు తాళాలు తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది.

"నిలబెడితే చస్తుంది అమ్మాయ్ ఇది. రోజూ తిప్పు."

"నాకు నడపడం రాదు కదత్తయ్యా."

"నాకు మాత్రం పుట్టగానే వచ్చిందా? లే."

నేర్పింది. అంతేకాదు, కోడలు నిద్ర లేచేసరికే, మోకాలు నొప్పెడుతున్నా, టార్చిలైటు పట్టుకుని కిందికి దిగి కారు దగ్గరుండేది. కింద నేల మీద ఏమన్నా కారిందేమో చూసేది. నూనె పుల్ల లాగి చూసేది, రేడియేటరులో నీళ్లు చూసేది, బెల్టుని బొటనవేలితో నొక్కేది, బ్యాటరీ తీగలు కదిపేది. అన్నీ అయ్యాక బానెట్ మూసి "ఊ" అనేది. ఆ "ఊ" వినబడితే చాలు, సూదమ్మ మధ్యాహ్నం దాకా కారు సంగతే మరిచిపోయి తిరిగేది.

మామగారు పోయాక ఆ ఇంట్లో మిగిలిన మగమనిషి, అంటే సూదమ్మ భర్త, కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో ఉంటాడు. నెమ్మదస్థుడు. ఎవరన్నా ఇంటి సంగతి అడిగితే, "నాకు ఒక అమ్మ, ఒక పెళ్లాం, ఒక కారు. మూడింట్లో ఒక్కటీ నా మాట వినదు" అంటాడు.

అత్తగారి మోకాలికి ఆపరేషన్ నిశ్చయమైంది. వీళ్లుండేది లిఫ్టు లేని మూడో అంతస్తు కాబట్టి, తేరుకునేదాకా పక్క ఊళ్లో కూతురింట్లో ఉండాలని నిర్ణయించారు. వెళ్లే రోజు సామాను కారులో పెట్టాక ఆవిడ సామాను గురించి కంటే కారు గురించే ఎక్కువ మాట్లాడింది.

"రోజూ నడుపు. కింద ఏమన్నా కారితే చూసుకో. బాగున్నదాన్ని ముట్టుకోకు. విన్నావా?"

"విన్నానత్తయ్యా."

"ఏదీ, మళ్లీ చెప్పు."

"అబ్బా, బాగున్నదాన్ని ముట్టుకోను."

అత్తగారు వెళ్లిన మర్నాడు పొద్దున్న సూదమ్మే టార్చిలైటు పట్టుకుని కిందికి దిగింది. నూనె చూసింది, నీళ్లు చూసింది, బెల్టు నొక్కింది. అన్నీ బాగానే ఉన్నాయి. బానెట్ మూసింది. ఎవరూ "ఊ" అనలేదు. తనకి తనే అనుకుంది గాని, ఆ "ఊ" మీద ఆమెకే నమ్మకం కుదరలేదు.

ఆ రోజు నుంచీ కారు మాట్లాడడం మొదలుపెట్టింది. అంతకు ముందూ మాట్లాడేదేమో, వినే పని అత్తగారిది కాబట్టి సూదమ్మ చెవికి ఎక్కలేదు. మలుపు తిరిగితే ఒక మూలుగు. మూడో గేరులో ఒక సన్నటి ఈల. గతుకులు దాటితే ఎక్కడో కింద ఒక లొడలొడ శబ్దం. అద్దాలు దించి వినేది, ఎత్తి వినేది. గోడ పక్కగా పోనిచ్చి, చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తే ఎలా ఉందో వినేది. వెనక హారన్లు కొట్టేవాళ్లు కొడుతూనే ఉండేవాళ్లు. ఇంట్లోకి వెళ్లి ఎవరి చేతికో పట్టీ కడుతున్నా ఆమె మనసు వీధిలోనే ఉండేది.

"నరం దొరకలేదా అమ్మా?" అని అడిగేవాళ్లు పాపం, చెయ్యి చాపుకుని కూర్చున్నవాళ్లు.

"దొరికిందండీ. ఒక్క నిమిషం. మీకేమన్నా చప్పుడు వినపడిందా?"

"లేదే?"

"అయితే సరే."

ఇంట్లోనూ అంతే. అన్నం తింటూ లేచి కిటికీలోంచి కిందకి చూసి వచ్చేది. భర్త ఒకరోజు పొద్దున్న బ్రెడ్డు ముక్క కొరుకుతూ, "నిన్న నిద్రలో నన్ను బ్రేకనుకుని తొక్కావు" అన్నాడు.

"ఆగారా?"

"ఆగకేం చేస్తాను, గోడ అడ్డమొచ్చింది."

అతనికి నవ్వులాటే. ఆమెకి మాత్రం ఒంట్లో ఏదో పురుగు తొలిచినట్టుండేది. పర్లేదు మేస్త్రీ షెడ్డు చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ప్లగ్గులు మార్పించింది. అవి బాగానే ఉన్నాయని మేస్త్రీ అన్నా వినలేదు. బెల్టు మార్పించింది. ప్లగ్గు వైర్లు మార్పించింది. విడిభాగాల దుకాణంవాడు ఆమెని చూడగానే కుర్చీ వేసేవాడు. ఎప్పటికైనా అవసరమవుతాయని కొని ముందుసీటు కింద పెట్టుకున్న సామాను కాలికి అడ్డం పడుతుండేది.

ఒకసారి మేస్త్రీయే ఒక మాట అన్నాడు. పాత కార్లలో నిప్పురవ్వ సరైన సమయానికి పడడానికి పాయింట్లనే చిన్న చిన్న రేకులూ, కండెన్సరనే బొటనవేలంత డబ్బీ ఉంటాయి. తరచు అరిగేవీ, మొరాయించేవీ అవే.

"అవి తీసేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టేద్దామమ్మా. చిన్న పెట్టె. బయటికి కూడా కనపడదు. ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు. నేను టాక్సీలన్నిటికీ అదే పెట్టాను."

సూదమ్మ చెంప దెబ్బ తిన్నట్టు చూసింది. "వద్దు. అత్తయ్యగారి బండి ఇది. ఆవిడ ఎలా అప్పజెప్పారో అలాగే ఉండాలి. అందులో స్క్రూ కూడా మారడానికి వీల్లేదు."

"ప్లగ్గులూ బెల్టులూ మార్చారుగా?"

"అవి వేరు."

అదెలా వేరో మేస్త్రీకి అర్థం కాలేదు. పర్లేదులే అనుకుని ఊరుకున్నాడు.

నిజానికి సూదమ్మ బెంగ కూడా అదే. అత్తగారు ఆ కారుని తుడిచే తీరు చూస్తే పసిబిడ్డకి స్నానం చేయిస్తున్నట్టుండేది. ఆవిడ తిరిగొచ్చి బానెట్ ఎత్తి, "ఇదేంటమ్మాయ్, ఇది నాది కాదే" అంటే తన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? కారు ఆగకూడదు, కారు మారకూడదు. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో తెలియక ఆమె రోజూ ఏదో ఒకటి విప్పి బిగిస్తూ ఉండేది. పాయింట్లు సర్దడం, కండెన్సరు మార్చడం షెడ్డులో వేరే బళ్లకి మేస్త్రీ చేస్తుంటే చూసే నేర్చేసుకుంది.

ఒక ఆదివారం కారు ఏ చప్పుడూ చెయ్యలేదు. కూరగాయల దుకాణం దాకా వెళ్లి వచ్చింది. మూలుగు లేదు, ఈల లేదు. మేస్త్రీ ఏం చేశాడో గాని టకటక కూడా లేదు. హాయిగా ఉండాల్సింది పోయి సూదమ్మకి అదో గుబులు పట్టుకుంది. ఇంత మెత్తగా నడుస్తోందంటే లోపల ఏదో దాస్తోంది. ఇంటి ముందు నీడలో ఆపి బానెట్ ఎత్తింది. అన్నీ చూసింది. ఆఖరికి చూపు కండెన్సరు మీద ఆగింది. తుప్పు రంగు తిరిగి, మీద అక్షరాలు చెరిగిపోయి ఉంది. ఎన్నేళ్లదో. ముందుసీటు కింద తళతళలాడే కొత్తది ఉండనే ఉంది. స్క్రూ విప్పింది, పాతది తీసింది, కొత్తది బిగించింది. పాతదాన్ని చెత్తబుట్టలో పడేసింది. తాళం తిప్పితే ఇంజన్ వెంటనే లేచింది. ఆమెకి ఆ సాయంత్రం తీరిగ్గా టీవీ చూడబుద్ధయింది.

సోమవారం ఎండ మండిపోతోంది. ఆమె ఆఖరి ఇంటి పని ముగించుకుని, నిండిన పెట్టెతో ల్యాబ్ దారి పట్టింది. వంతెన ఎక్కేచోట, ముందో బస్సూ వెనకో లారీ ఉండగా, కారు ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది.

తాళం తిప్పింది. గరగర. మళ్లీ తిప్పింది. గరగర. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. ఆమె దిగి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని భుజం ఆనించి తోసింది. లారీవాడే చూడలేక దిగి వచ్చి ఓ చెయ్యి వేశాడు.

"ఇంత పాత బండి రోడ్డు మీదకి ఎందుకు తెచ్చావక్కా? ఇంట్లో పెట్టుకుని చూసుకోవాల్సింది."

"తొయ్యండన్నా ముందు."

పక్కకి చేర్చాక బానెట్ ఎత్తింది. ప్లగ్గు వైర్లు పీకి పెట్టింది. పెట్రోలు వస్తోంది. వేడికి ముఖం మాడిపోతోంది. ఏం చెయ్యాలో తోచక కాసేపు నిలబడింది. మళ్లీ తాళం తిప్పితే ఇంజన్ ఏమీ ఎరగనట్టు లేచింది! ఒక్క ఉరుకున కారెక్కి పోనిచ్చింది. వంతెన దిగగానే మళ్లీ ఆగింది. చల్లారేదాకా నిలబడడం, లేవడం, నాలుగు వీధులు పోవడం, ఆగడం. ఆమె తలప్రాణం తోకకొచ్చింది. పెట్టె మూత మీద చెయ్యి పెట్టి చూసుకుంది. వెచ్చగా ఉంది.

ఫోన్ తీసి అత్తగారికి చేసింది.

"అత్తయ్యా, వేడెక్కితే ఆగిపోతోంది. చల్లారితే లేస్తోంది."

అవతల ఆవిడ గొంతు నిదానంగా ఉంది. "నిన్నా మొన్నా ఏమన్నా ముట్టుకున్నావా?"

సూదమ్మకి చెత్తబుట్టలో పడేసిన కండెన్సరు గుర్తొచ్చింది.

"లేదత్తయ్యా. ఏం ముట్టుకోలేదు."

"ఏం ముట్టుకోకపోతే..." ఆవిడ ఆలోచించింది. "అయితే పెట్రోలు గొట్టం వేడెక్కిందేమో చూడు. తడిగుడ్డ చుట్టు."

తడిగుడ్డ చుట్టింది. తప్పు సమాధానానికి వచ్చిన మందు ఎలా పని చేస్తుంది? చెయ్యలేదు.

ల్యాబ్ చేరేసరికి ఇన్‌చార్జి గడియారం వైపు చూడలేదు గాని పెట్టె వైపు చూశాడు. గొట్టాలు ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టాడు. కొన్నిట్లో పైన తేలిన నీరు లేత పసుపుగా ఉండాల్సింది, వేడికి పాడై గులాబీ రంగులోకి తిరిగింది. ఆయన కసురుకోలేదు. "వీటితో రిపోర్టు ఇస్తే అబద్ధం చెప్పినట్టే. మళ్లీ తీసుకురండి," అన్నాడు. ఆమె బయటికి నడుస్తుంటే వెనక నుంచి, "ఇంకోసారి ఇలా అయితే ఆ వీధులు వేరేవాళ్లకి ఇవ్వాల్సి వస్తుంది. ఏమనుకోకండి" అన్నాడు.

మర్నాడు సూదమ్మ బస్సెక్కి ఒక్కొక్క ఇంటికీ వెళ్లింది. కారు మేస్త్రీ షెడ్లో ఉంది. మళ్లీ పరగడుపున ఉండమని, మళ్లీ సూది గుచ్చుతానని చెప్పడం అంత సులువు కాదు. ఒకావిడ గుమ్మంలోనే నిలబెట్టి, "మా పిల్లది నిన్నటి సూదికే రాత్రంతా ఏడ్చింది. మీ కారు చెడిపోతే మా పిల్ల చెయ్యా?" అని దులిపేసింది. సూదమ్మ తల వంచుకుని విన్నది. ఆ మాటలు ఆమెకి తగలాల్సినవేనని అనిపించి కొంత తేలిగ్గానే ఉంది. కాని రెండు వీధుల అవతల, కాళ్లు చచ్చుపడిన ముసలాయన ఏమీ అనలేదు. ఆయన చేతుల్లో నరాలు దొరకడమే గగనం. నిన్న గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది. ఆయన ఆ చెయ్యి దుప్పటి కింద దాచి, రెండో చెయ్యి బయటికి చాపాడు. "ఇందులో చూడమ్మా, ఇందులో తొందరగా దొరకొచ్చు," అన్నాడు. ఆమె ఆ చేతికి పట్టీ కట్టింది. వెంటనే విప్పేసి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడి, మనసు కుదుటపడ్డాక గాని మళ్లీ వచ్చి కూర్చోలేకపోయింది.

షెడ్డుకి వెళ్లేసరికి మేస్త్రీ అరచేతిలో ఆ తళతళలాడే కండెన్సరుని పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇది ఎవరు పెట్టారమ్మా?"

"నేనే."

"కొత్తదే చెడ్డది. వేడెక్కితే చచ్చిపోతోంది. ఈ మధ్య వచ్చే సరుకంతా ఇంతే. పాతదేది?"

"పారేశాను."

సూదమ్మ ఆయన నోటి వంక చూస్తూ నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆ పర్లేదు అన్న మాట కోసం ఎదురు చూసింది. ఆయన అనలేదు. కండెన్సరుని తీసి డబ్బాలో విసిరేసి, "ఎలక్ట్రానిక్‌ది పెట్టమంటారా, ఇంకో కండెన్సరు వెతకమంటారా?" అని అడిగాడు.

"ఏదీ వద్దు. అత్తయ్యగారు వచ్చేదాకా ఇక్కడే ఉంచండి," అని వచ్చేసింది.

ఆ తర్వాతి రోజుల్లో ఆమె అవస్థ చెప్పనలవి కాదు. కారు లేదు కాబట్టి వినాల్సిన చప్పుడు లేదు. అయినా చెవులు ఊరుకోవు. బస్సులో కూర్చుని బస్సు ఇంజన్ వినేది. ఒకసారి దిగేటప్పుడు డ్రైవరుతో, "మీ బండికి ఎడమవైపు చక్రంలో ఏదో అరుగుతోందండీ" అంది. అతను వింతగా చూసి తలుపు మూశాడు. ఇంట్లో భర్త టీ కప్పు టీపాయి మీద పెట్టినా ఉలిక్కిపడేది. "కారు అక్కడుంటే నువ్విక్కడ మూలుగుతున్నావు. రెండిట్లో ఒకదాన్ని బాగు చేయిద్దాం," అన్నాడతను, ఈసారి నవ్వకుండా.

అత్తగారు తిరిగొచ్చింది. కొత్త మోకాలితో, చేతికర్ర పేరుకి మాత్రమే పట్టుకుని, టాక్సీ దిగింది. దిగుతూనే ఇంటి ముందు ఖాళీగా ఉన్న నీడ వంక చూసింది.

"బండేది?"

సూదమ్మ చేతిలోని సంచీ అక్కడే నేల మీద పెట్టేసి, మెట్లెక్కకుండానే, మొత్తం చెప్పేసింది. ప్లగ్గులూ, బెల్టూ, ఆదివారం నాటి హాయీ, చెత్తబుట్టా, వంతెనా. "ఫోన్‌లో మీతో అబద్ధం చెప్పానత్తయ్యా. మీరు వద్దన్నది ముట్టుకున్నాను. మీ బండిని మీరు ఇచ్చినట్టు ఉంచలేకపోయాను," అంది.

అత్తగారు నవ్వింది. మొదట చిన్నగా, తర్వాత చేతికర్ర ఊగిపోయేలా.

"నేనిచ్చినట్టా? అమ్మాయ్, ఆ బండికి నేను మూడు ఇంజన్లు మార్చాను. గేరుబాక్సు ఏదో వ్యానుది. ముందు తలుపు ఒకటి పాత సామాన్ల కొట్లో ఏరింది. ఆకుపచ్చ రంగు కూడా నేను కొట్టించిందే, మీ మామయ్య కొన్నప్పుడు అది నీలం. అందులో అసలు కారు ఎంత మిగిలిందో నాకే తెలీదు."

సూదమ్మ గుడ్లప్పగించి చూసింది. "మరి మీరు దాన్ని అలా తుడుస్తుంటే..."

"మురికిగా ఉంటే టాక్సీ ఎవరెక్కుతారే? అలవాటైపోయింది."

"మేస్త్రీ ఎలక్ట్రానిక్‌ది పెడతానంటే మీకు నచ్చదని వద్దన్నాను."

"నాకు నచ్చదని నీకెవరు చెప్పారు? అది వచ్చిందని తెలిస్తే నేనే ఎప్పుడో పెట్టించేదాన్ని. పద."

"ఎక్కడికి? ముందు పైకొచ్చి కూర్చోండి."

"కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. మీ ఆడపడుచు నన్ను సోఫాలోంచి లేవనిస్తేగా. పద షెడ్డుకి."

షెడ్డులో ఆవిడ మేస్త్రీని చెడామడా దులిపింది. "ఏరా, కోడలు వద్దంటే మాత్రం నాకొక ఫోన్ కొట్టొద్దూ?"

"అమ్మగారు స్క్రూ కూడా మార్చొద్దన్నారు పెద్దమ్మా."

"మార్చు. అన్నీ మార్చు. ఆ పెట్టె పెట్టు. రేడియేటరుకి కరెంటు ఫ్యాను పెట్టు, ఎండల్లో ఆగి ఉన్నా చల్లబడుతుంది. సీటు బెల్టులు భుజం మీదుగా వచ్చేవి వెయ్యి. పాత వైర్లన్నీ లాగేసి కొత్తవి వెయ్యి, అవి ఎప్పుడో ఒకరోజు నిప్పంటుకుంటాయి. బండి రోజూ నడవాలి, అంతే."

"పర్లేదు పెద్దమ్మా, చేసేస్తా," అన్నాడు మేస్త్రీ. సూదమ్మకి ఈసారి ఒళ్లు మండలేదు.

పనంతా అయిన రోజున అత్తగారు డ్రైవరు సీట్లో ఎక్కి, చేతికర్ర వెనక సీట్లోకి విసిరేసి, కొత్త మోకాలితో క్లచ్ తొక్కి చూసింది. మళ్లీ తొక్కింది. తర్వాత ఎవరినీ అడక్కుండా ఇంటిదాకా తనే నడిపింది. దానిమీద ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రగడే అయింది.

"మోకాలు మార్పించుకున్నది కారు నడపడానికా అమ్మా?" అని కొడుకు మొత్తుకున్నాడు.

"మరి నిలబడి కారుని చూసుకోవడానికా? డాక్టరు నడవమన్నాడు, నడపొద్దనలేదు."

"ఆయనకి ఆ అనుమానమే రాలేదేమో."

మర్నాడే డాక్టరుని అడిగి వచ్చారు. కొన్నాళ్లు ఆగి నడపొచ్చన్నాడు. ఆవిడ ఆ కొన్నాళ్లూ ఇల్లంతా కొలిచినట్టు తిరిగి, అవి అవగానే తాళాలు తన దగ్గర పెట్టుకుంది. అప్పటి నుంచీ పొద్దున్నే ఇద్దరూ బయల్దేరుతున్నారు. అత్త నడుపుతుంది, కోడలు రక్తం తీస్తుంది. కారు ఎక్కడ ఆపాలా అన్న వెతుకులాట తప్పింది కాబట్టి పెట్టె ల్యాబ్‌కి ఇదివరకటికంటే ముందే చేరుతోంది. ఇన్‌చార్జి ఆ వీధుల సంగతి మళ్లీ ఎత్తలేదు.

అలాగని సూదమ్మ కుదురుగా కూర్చుందని కాదు. పక్కసీట్లో కూర్చున్నా ఆమె కుడికాలు లేని బ్రేకు కోసం నేల మీద వెతుకుతూనే ఉంటుంది.

"ఆ కాలు ముడుచుకో అమ్మాయ్. నాకు చూస్తుంటే చిరాగ్గా ఉంది."

"ముందు బస్సుంది అత్తయ్యా."

"నాకు కళ్లున్నాయి."

మొన్నొక రోజు వానజల్లు పడుతోంది. సూదమ్మ ఒకరింట్లో పని ముగించుకుని, గొట్టాలు జేబులో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేసరికి వీధిలో కారు లేదు. పెట్టె కారులో ఉంది. వానలోకి దిగి అటు చివరికీ ఇటు చివరికీ పరుగెత్తింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. అంతలో మలుపులోంచి ఆ మీగడ, ఆకుపచ్చ ముక్కు తీరిగ్గా బయటికొచ్చింది.

"ఎక్కడికెళ్లారు?" సూదమ్మ గొంతు వీధంతా వినబడింది.

"అరవకు. కాలికి కట్టుతో ఒకావిడ వానలో నిలబడి ఉంది. బస్టాపుదాకా దింపొచ్చాను. ఊరికే ఆగి ఉంటే నాకు తోచదే."

"పెట్టెలో రక్తం ఉందత్తయ్యా!"

"దానికేం, బస్టాపు చూసొచ్చింది. ఐసు గడ్డలాగే ఉంది, ముట్టుకుని చూడు."

సూదమ్మ ముట్టుకుని చూసింది. చల్లగానే ఉంది. జేబులో గొట్టాలు అందులో సర్ది, మూత బిగించి, తడిసిన ముఖం తుడుచుకుని, ఇంకా కోపంగానే బెల్టు పెట్టుకుంది.

"ఈసారి ఎవరినన్నా ఎక్కించుకుంటే మనం వెళ్లే దారిలోనే. పక్కదారి పట్టకూడదు. సరేనా?"

"సరే. వెనక సీటు ఎలాగూ ఖాళీయేగా." అత్తగారు గేరు వేసింది. "తర్వాత ఇల్లు ఎటు?"

"కుడివైపు."

"ఎడమవైపు దగ్గర."

"ఎడమవైపు రోడ్డు తవ్వారు."

"ఎప్పుడు తవ్వారు? నిన్న లేదే?" అంటూ ఆవిడ ఎడమవైపే తిప్పింది.